గోడవతలి స్పీకరు

కృష్ణకు వరదొచ్చి, నది నడుమ గడ్డల మీది ఊర్లకు పడవలల్ల బియ్యం పోయిన ఏడు ఇది జరిగింది. మా వెనకిల్లు కూలిన పెద్ద వరద అంతకుముందటిది. ఇది దాని తర్వాతి వరద.

మాది రాయచూరు బజార్ల గోనెసంచుల దుకాణం. ఆ ఏడు సంచులకు ఎక్కడలేని గిరాకీ. ఇసుక నింపి ఏటిగట్టుకు వేయనీకి సర్కారు ఆఫీసులోల్లు అడిగిన్రు. తడిసిన వడ్లు మార్చనీకి మిల్లులోల్లు అడిగిన్రు. కొత్తవి చాలక పాతవి బండ్లకొద్ది ఇంట్ల దించినం. చినిగిన సంచికి మాటు వేసుడు మా ఇండ్లల్ల ఆడోళ్ల పని. వంటింటి వెనక రేకుల కొట్టంల కూసోని, దబ్బనం, సుతిలి దారం పట్టుకొని కుడతరు. దానికి కూలి ఉండదు. రొట్టె చేసినదానికి కూలి ఇస్తరా, ఇది గూడ అంతే అని మా అవ్వ కాలం నుండి అనుకుంటున్నదే.

మా పెద్ద కోడలు కాత్యాయని ఆ వానకాలమంత సంచుల నడుమనే ఉండె. అప్పుడు ఆమె తలకాయల ఏం నడిచిందో ఆమెనే నాకు తర్వాత చెప్పింది. నేను మాట్లాడేది తక్కువ, అందుకే చెప్పిందేమో.

దబ్బనం గోనెల దిగేటప్పుడు ఒక చప్పుడైతది, సుతిలి గుంజేటప్పుడు ఇంకో చప్పుడైతది, ఆ రెండు చప్పుళ్ల నడుమ పడసాల నుండి టీవీ వినబడుతుండె. వినబడుతుండె అంటే మాటలు కాదు. పడసాల దాటి, తలుపు పరదా దాటి, కుక్కరు కూత దాటి కొట్టంకు వచ్చేసరికి ఏ మాటైన ఉత్త డుబ్బు డుబ్బు అయితది, ఎవరో దూరంల పరుపు దులిపినట్ల. వరద చూపిస్తున్నరని తెలుసు. ఊరంత ఆ నీళ్లను చూస్తున్నది. ఆ నీళ్లకు అడ్డం వేసే సంచులు కుట్టేది నేను, నీళ్లు మాత్రం నేను చూడలే అనుకుందంట. చాయ్ ఇయ్యనీకి పోయినప్పుడు ఖాళీ ట్రే చేతుల పట్టుకొని రెండు రెప్పలు కొట్టేంత సేపు నిలబడి చూసేది. ఎర్రటి నీళ్లు, నీళ్లల్ల సగం మునిగిన కరెంటు స్తంభం. అంతల గిలాసలు ఖాళీ అయ్యేవి, లేకుంటే బజారు నుండి వచ్చినోళ్లల్ల ఒకరు ఆమె దిక్కు చూసేటోళ్లు, ఇంక నీ పనైంది గద అన్నట్ల. మల్ల కొట్టంకు వచ్చి దబ్బనం పట్టేది. రేపు టీవీల ఈ సంచే కనబడితే నా మాటు నేను గుర్తుపడుతనా అనుకునేది. పడుత. నేను అడ్డం ముడి వేస్త, హేమ నిలువు ముడి వేస్తది. గని గుర్తుపట్టాలంటే ముందు చూడాలె గద.

హేమ అంటే హేమశ్రీ, మా చిన్న కోడలు, గోడవతలింట్ల ఉంటది. ఆ గోడ సంగతి చెప్పాలె.

మా ఇంట్ల ఒక స్టీరియో ఉంది. చిన్నోడు విజయకుమార్ పెండ్లప్పుడు హైదరాబాదు నుండి తెచ్చినం. ఆంప్లిఫయర్ ఒకటి, కట్టె స్పీకర్లు రెండు, మోకాలెత్తువి. పెండ్లైన ఏడాది తిరగకముందే అన్నదమ్ములు విడిపోతమన్నరు. నేనే పంచిన. పడసాల నడుమ గోడ పెట్టించిన. దుకాణం అటు సగం, ఇటు సగం. ఆంప్లిఫయర్ పెద్దోడు వాసుదేవ్‌కు, టీవీ చిన్నోనికి. స్పీకర్లు రెండున్నయి, కొడుకులు ఇద్దరున్నరు, చెరొకటి. తక్కెడ పట్టినోల్లం, ఒకనికి రెండిచ్చి ఒకనికి ఉత్త చెయ్యి ఎట్ల చూపిస్తం. ఎదురు చింతపండు దుకాణం బాపయ్య అప్పుడే అన్నడు, "జయరామయ్యా, ఇసుర్రాయి గూడ పంచినవా, పై రాయి ఒకనికి కింద రాయి ఒకనికి?" అని. బజారంత నవ్విన్రు. నేను నవ్వలే.

వాసుదేవ్ కొత్త టీవీ కొన్నడు. తన పాలుకొచ్చిన ఒక్క స్పీకరును బీరువా మీద మూలకు ఎక్కించి, ఆంప్లిఫయర్‌కు టీవీ తగిలించి, పాటలూ దాంట్లనే, వార్తలూ దాంట్లనే పెట్టుకునేటోడు. చప్పుడు బాగనే వచ్చేది. రెండోది అవతలింట్ల మూగగ కూసుంది. హేమ దాని మీద అల్లిన బట్ట పరిచి, నీళ్ల ఫిల్టర్ పెట్టింది.

కాత్యాయని గద్వాల పిల్ల. వాళ్ల పుట్టింట్ల పాటలు వినుడు ఎక్కువ. చిన్నప్పటి నుండి ఆమెకొక జంట పాట ఇష్టం. మొగోడు అడుగుతడు, ఆడది జవాబు చెప్తది, మల్ల మొగోడు అడుగుతడు, మల్ల ఆడది చెప్తది. వాసుదేవ్ ఆ పాట పెట్టినప్పుడల్ల ఆమె వంటింట్ల చేసే పని ఆపి పరదా దగ్గరికి వచ్చేది. మొగగొంతు వచ్చేది. దాని తర్వాత ఆడగొంతు రావాలె. రాకపోయేది. తబలా వచ్చేది, గాలి కొట్టినట్ల ఎక్కడనో సన్నగ ఏదో వచ్చేది, మల్ల మొగోడే. మా ఇంట్ల ఆ పాటల అడుగుడే ఉండె, జవాబు లేకుండె. ఫోనుల సన్నగ పెట్టుకొని వింటే ఆడగొంతు ఉండె. పడసాలల పెడితే పోయేది.

ఆమె మొగనికి చెప్పింది. ఒకసారి కాదు. వాసుదేవ్ చెడ్డోడు కాదు, చెయ్యెత్తినోడు కాదు, తాగినోడు కాదు. గని మాటకు జవాబు ఇట్ల వచ్చేది. పాట వస్తుంది గద, ఇంకేం వినాలె. ఫోనుల అన్నీ అట్లనే వస్తయి, ఇది పెద్ద సెట్టు, ఇది వేరే. వంటింటికి వినబడుతుంది గద, చాలదా. అది నీ వహం, ఉత్త భ్రమ. ఒకనాడు పడసాల నిండ చుట్టాలుండంగ, మా ఇంటామెకు పాటల లేని గొంతులు వినబడుతయి అన్నడు. అందరు నవ్విన్రు. ట్రే పట్టుకొని ఆమె గూడ నవ్వింది. లోపలికి పోయినంక, ఎందుకు నవ్విన్నో అని చానసేపు అనుకుందంట. నవ్వకపోతే ముఖం మాడ్చుకుంది అంటరు, నవ్వితే ఒప్పుకున్నట్లైతది, ఈ ఇంట్ల నా చెవిని నేనే నమ్మేటట్లు లేదు, నమ్మినా అది నా దగ్గరనే ఉంచుకోవాలె, బియ్యండబ్బాల రూపాయి దాచుకున్నట్ల అనుకుందంట. అప్పటి నుండి ఆ పాట వచ్చినప్పుడు ఖాళీ జాగల తనే మనసుల జవాబు పాడుకునేది. పెదవి గూడ కదలకపోయేది. దబ్బనం అప్పుడే గోనెల దింపేది, తబలా చప్పుడుకు సరిగ్గ.

పోయి పడసాలల కూసోని వినాలె అనుకోలేదా అని ఎవరైన అడుగుతరేమో. మా ఇండ్లల్ల కోడలు మామ ముందల కుర్చీల కూసోదు. ఎవరు చెప్పరు, చెప్పే పని పడదు. నా పడక కుర్చీ పడసాల నడుమ ఉంటది. దుకాణం కొడుకులకు వదిలిపెట్టినప్పటి నుండి పొద్దంత నేను దాంట్లనే ఉంట. ఆమె బిడ్డ మేఘ పుట్టింది, పెరిగింది, కాలేజీకి బెంగళూరు పోయింది, కాత్యాయని పడసాలల కూసుంది మాత్రం లేదు.

వరద ముదిరినంక మా ఇంటికి జనం ఎక్కువైన్రు. ఏ ఊరు మునిగింది, ఏ దారి తెగింది, సంచులు ఎటు పంపాలె, అన్నీ టీవీ ముందలనే. అప్పుడు వాసుదేవ్‌కు గూడ తెలిసొచ్చింది, చప్పుడుంది గని మాట అర్థమైతలేదని. ఎంత పెంచితే అంత దుమ్ములేపినట్ల మోగుతుండె. స్టేషన్ రోడ్డు నుండి టీవీలు బాగుచేసే శరణబసవను పిలిపించిండు.

శరణబసవ స్టూలెక్కి బీరువా మీద చూసిండు. ఆంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టి చూసిండు. "ఇన్నొందు ఎల్లి?" అన్నడు, రెండోది ఎక్కడ అని. తమ్మునింట్ల ఉంది, పంపకాలల్ల పోయింది అన్నడు వాసుదేవ్. శరణబసవ వాని దిక్కు చూసి, నా దిక్కు చూసిండు. నవ్వు ఆపుకుంటున్నడని తెలుస్తనే ఉంది.

"ఇది జోడి సావుకార్. పాటను రెండు పాళ్లు చేసి పంపుతరు, సగం ఎడమ దాంట్లకు, సగం కుడి దాంట్లకు. కొన్ని పాత పాటలల్ల అయితే ఒక గొంతు ఇటు, ఒక గొంతు అటు. మీరు ఇన్నేండ్లు సగమే విన్నరు."

పరదా దగ్గర కాత్యాయని నిలబడి ఉంది, చేతుల దబ్బనం ఉంది. నేను చూసిన. వాసుదేవ్ చూడలే.

అయితే ఇంకొకటి కొందాం అన్నడు వాసుదేవ్. దీనికి ఇప్పుడు జత దొరకదు, పాతదే కావాలె అన్నడు శరణబసవ. తమ్ముని గడప తొక్కి అడుక్కునేది లేదు, ఈ గిరాకీ అయినంక మొత్తం కొత్తది, టీవీ కింద పెట్టే పొడుగుది, అదే తెస్త అన్నడు వాసుదేవ్. శరణబసవ వైర్లు చుట్టుడు మొదలుపెట్టిండు.

సగమే విన్నరు అని ఆ మనిషి అన్నప్పుడు నాకు కోపం రాలే మామా అన్నది ఆమె తర్వాత. ఏడుపు గూడ రాలే. తడిసి బిగుసుకున్న సుతిలి ముడి ఉంటది చూడుండ్రి, గోరుతోని గీకి గీకి గోరు నొస్తది, అది ఒక్కసారి వదిలినట్లైంది. నా చెవి మంచిగనే ఉంది. నా చెవి ఎప్పుడూ మంచిగనే ఉంది. ఆ పొద్దు ఆ పడసాలల అందరికంటే ఎక్కువ విన్నది నేనే, కొట్టంల కూసోని. మల్ల వెంటనే తెలిసింది, వీళ్లు ఇప్పుడు గిరాకీ అయినంక అంటరు, తర్వాత పండుగైనంక అంటరు, కొత్తది వస్తది, దాని ముందల మల్ల వీళ్లే కూసుంటరు, నేను మల్ల డుబ్బు డుబ్బు వింట. నా సగం ఈ గోడకు అవతల ఉంది. పోయి తెచ్చుకుంటె అయిపాయె. ఇంత చిన్న మాట అనుకోనీకి ఇన్నేండ్లు పట్టిందేంది అనుకున్న.

దబ్బనాన్ని పరదా పక్క తలుపు చెక్కల గుచ్చింది. చీరకంటిన గోనెపీచు దులుపుకుంది. పడసాల నడుమ నుండి, మా అందరి ముందల నుండి నడిచి, వీధి తలుపు తీసింది. మా ఇంటి ఆడోళ్లు ఎటు పోవాలన్న వెనక సందు నుండి పోతరు. ఆ తలుపు గడియ ఆమె తీయంగ నేను చూసుడు అదే మొదలు. ఎక్కడికి అన్నడు వాసుదేవ్. ఆమె గడప దాటింది.

అవతలింట్ల ఏమైందో హేమ చెప్పింది. విజయకుమార్ అన్నం ముందల కూసున్నడంట. వదిన వీధి తలుపు నుండి వచ్చేసరికి ఎవరికన్న ఏమన్న అయిందేమో అని లేచి నిలబడ్డడంట. ఆమె స్పీకరు చూపించింది. వాడు మల్ల కూసోని అన్నడు, నాయిన పంచింది వదినా, పంచింది పంచినట్లే ఉండాలె, అన్నకు కావాలంటే అన్ననే వచ్చి అడగాలె అని.

"అన్నకు కాదు. నాకు కావాలె."

హేమ ముందుకు వచ్చింది. ఫిల్టర్ ఎత్తి కింద పెట్టింది. అల్లిన బట్ట తీసి దులిపింది. "అక్కా, నువ్వు ఆ దిక్కు పట్టు" అన్నది. వాకిట్ల అందరు చూస్తరు, నేను మనిషిని పంపుత, ఆగు అన్నడు విజయకుమార్. హేమ ఆగలే. "పొద్దున లేస్తే దీన్ని తుడుస్తున్న. ఇది ఏం పలుకుతదో ఒకసారి నేను గూడ వింట" అన్నది.

ఇంటికీ ఇంటికీ నడుమ పది అడుగులు గూడ ఉండదు, గని అది నడి బజారు. ఇద్దరు కోడండ్లు కొంగులు నడుముకు చెక్కి, పట్టపగలు ఆ కట్టెపెట్టెను మోసుకొని వస్తుంటే దుకాణాలోల్లు తక్కెడలు ఆపి చూసిన్రు. బాపయ్య గల్లా మీద నుండి లేచి, "ఏందమ్మా, మల్ల పంపకాలా?" అన్నడు.

"కాదు పెద్దయ్యా, కలుపుతున్నం" అన్నది కాత్యాయని.

ఎవరు నవ్వలే. ఒక హమాలి వచ్చి చెయ్యి వేయబోతే వద్దన్నరు.

లోపలికి తెచ్చినంక బీరువా మీది దాన్ని గూడ దింపుమన్నది శరణబసవను. అంత ఎత్తుల, అంత మూలకు ఉంటే అందుకే దుమ్ములేపినట్ల మోగుతున్నది అన్నడు అతను, కూసున్నోళ్ల చెవి ఎత్తుల, గోడకు జర దూరంగ పెట్టాలె, కింద పెట్టనీకి బరువైనయి ఏమన్న ఉన్నయా అన్నడు. ఆమె కొట్టంల నుండి కుట్టిన సంచుల కట్టలు తెచ్చింది. హేమ ఇంకో రెండు తెచ్చింది. టీవీకి అటొక దొంతి, ఇటొక దొంతి పేర్చి, వాటి మీద స్పీకర్లు ఎక్కించిన్రు.

పడసాలల గోనెలేంది, వచ్చినోళ్లు ఏమంటరు అన్నడు వాసుదేవ్.

"సంచులోళ్ల ఇల్లు అంటరు" అన్నది ఆమె.

అంతల విజయకుమార్ వచ్చిండు, ఎంగిలి చేతుల్తోనే. గోడ పెట్టినంక వాడు ఈ దిక్కు పడసాలకు వచ్చుడు అదే మొదలు. అన్న ముఖం చూడకుంట నాతోని మాట్లాడిండు. నాయినా, మీరు పంచింది వీళ్లు ఇట్ల మల్ల తీసుకపోతరా, రేపు ఇంకోటి అడుగుతరు. వాసుదేవ్ గూడ నాతోనే అన్నడు, నేను అడగలే నాయినా, నాకు వద్దు, కొత్తది తెచ్చుకుంట, ఇప్పుడే మల్ల పంపియ్యుండ్రి. ఇద్దరు చానేండ్లకు ఒక మాట మీదికి వచ్చిన్రు. ఇద్దరు నా దిక్కు చూసిన్రు. ఆడోళ్లు గూడ చూసిన్రు. శరణబసవ స్క్రూడ్రైవరు పట్టుకొని ఆగిండు. మా ఇంట్ల నా మాటంటే మాటే, అందుకే నేను ఎక్కువ మాట్లాడ.

నేను ఏం అనలే. ఆమె శరణబసవతోని, కానీయన్నా అన్నది.

వైర్లు తగిలించి ఆ జంట పాటనే పెట్టిండు, ఆమె చెప్తే. కాత్యాయని పరదా దగ్గరనే నిలబడి తల వంచి విన్నది. రెండు గొంతులు వచ్చినయి, గని ఏదో తేడగ ఉండె. ఆమె చెయ్యెత్తి ఆపమన్నది. "తబలా నడుమకు రావాలె. నడుమ ఉత్త ఖాళీ ఉంది, అంత పక్కలకే పోతున్నది" అన్నది. శరణబసవ వెనకకు పోయి చూసి, హౌదమ్మా, నిజమే, ఒక దాంట్ల ఎర్ర వైరు నల్ల జాగల పడింది అని మార్చిండు. వాసుదేవ్ భార్య ముఖం దిక్కు చూసిండు, కొత్త మనిషిని చూసినట్ల.

"ఇప్పుడు రెండిటికి ఎదురుగ, సరిగ్గ నడుమ కూసోని వినాలె. ఎవరు కూసుంటరు?" అన్నడు శరణబసవ.

ఆ నడుమ నా కుర్చీ ఉంది, దాంట్ల నేనున్న.

ఆమె వచ్చి నా ముందల నిలబడింది. చేతుల ట్రే లేదు. ఈ ఇంటికి కోడలుగ వచ్చినప్పటి నుండి ఆమె నాతోని తల ఎత్తి మాట్లాడింది లేదు. ఇప్పుడు ఎత్తింది.

"మామా, జర లేవుండ్రి. అది నా జాగ."

నేను కుర్చీ చేతులు పట్టుకొని లేచిన. మోకాళ్లు పట్టేసినయి, జర సేపు పట్టింది. ఆమె ఆగింది. నేను పక్కకు జరిగినంక ఆమె కూసుంది. నా పడక కుర్చీల, వెనకకు ఆనుకొని. హేమ ఎవరినీ అడగకుంట ఇంకో కుర్చీ గుంజుకొని ఆమె పక్కన వేసుకుంది.

పాట మొదటి నుండి పెట్టిండు. తబలా నడుమ గోడ మీద కూసున్నట్ల వచ్చింది. ఎడమ దిక్కు నుండి మొగగొంతు అడిగింది. మాకు తెలిసిన గొంతే. అది ఆగింది. అప్పుడు కుడి దిక్కు నుండి ఆడగొంతు లేచింది. అంత దగ్గర, ఊపిరి తీసుకున్నది గూడ తెలిసేటట్లు. మొగోడు అడిగిన ప్రతి మాటకు జవాబు చెప్పుకుంట పోయింది. ఒక దగ్గర ఎగతాళి గూడ చేసింది. కాత్యాయని పెదవులు కదులుతున్నయి. ప్రతి మాటా ఆమెకు వచ్చు, ఒక్కటి గూడ తప్పు పోలే.

పాట అయిపోయింది. "ఈ గొంతు ఎక్కడి నుండి వచ్చింది?" అన్నడు వాసుదేవ్, మెల్లగ.

"ఎప్పుడూ ఉన్నదే" అన్నది ఆమె, వాని దిక్కు చూడకుంట.

ఇంక టీవీ పెట్టుమన్నది. వార్తలు వచ్చినయి. ఏ ఊరు, ఏ దారి, ఎందరు పడవల్ల దాటిన్రు, మాట మాటా విడిగ వినబడింది. ఎర్రటి నీళ్లను ఆమె ఈసారి కడుపు నిండ చూసింది. కట్ట మీద ఇసుక సంచులు చూపించిన్రు, బాగ దగ్గరికి పోయి. ఆమె కుర్చీల ముందుకు వంగింది.

"హేమా, ఆ అడ్డం ముడి నాది. పక్కది నిలువు, నీది."

హేమ లేచి పోయి టీవీ మీద వేలు పెట్టి చూపించింది, ఇదిగో, ఇదిగో అని. ఇద్దరు నవ్విన్రు. ఆ నవ్వు గూడ మా పడసాలల కొత్తదే. నా కొడుకులిద్దరు గోడకు ఆనుకొని ఆ సంచుల దిక్కు చూసిన్రు, జీవితంల గోనెసంచి చూడనట్ల. చాయ్ యాల్ల అయింది. ఆమె లేవలే. హేమ లేవలే. కొంచెం సేపైనంక విజయకుమార్ చెయ్యి కడుక్కోనీకని లోపలికి పోయిండు, స్టవ్ మీద గిన్నె పెట్టిన చప్పుడైంది, వాసుదేవ్ వెనకనే పోయిండు, చక్కెర ఎక్కడుందో ఇద్దరికి దొరకలే. ఆమె కూసున్న జాగ నుండే చెప్పింది.

మర్నాడు పొద్దుగాల కాత్యాయని రొట్టెలు చేసి, పడసాలకు పోయి కూసోని పాట పెట్టుకుంది. హేమ వీధి తలుపు నుండే వచ్చింది. నేను తలుపు చెక్కల గుచ్చి ఉన్న దబ్బనం పీకి కొట్టంకు పోయిన. సంచుల కట్ట మీద కూసోని సుతిలి ఎక్కించిన. అక్కడి నుండి చెవి పెట్టి విన్న. ఉత్త డుబ్బు డుబ్బు.

"అమ్మా, జర పెంచు, ఏం తెలుస్తలేదు" అన్న.

"వంటింటికి వినబడుతుంది గద మామా, చాలదా" అన్నది ఆమె లోపలి నుండి. హేమ నవ్వింది.

నేను దబ్బనం గోనెల దింపిన. నా ముడి అడ్డమూ కాదు, నిలువూ కాదు, వంకరగ పడింది. విప్పి మల్ల కుట్టిన.